వరుస మారిన మాటలు

కోడూరు రోడ్డులో బస్సు దిగి పంటకాలవ గట్టున నడుస్తుంటేనే పాటలు వినిపించాయి. సుమలత చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శ్యాంబాబు మెడకు చుట్టుకున్న తెల్లగుడ్డ సరిచేసుకున్నాడు. ఎండకి గొంతు దగ్గరి రంధ్రంలోంచి ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది. ఆ చప్పుడు చావింట్లో వినపడకూడదని మెల్లగా అడుగులు వేశాడు.

ఇంటి ముందు టెంటు వేశారు. బావ దైవాధీనాన్ని పెట్టెలో పడుకోబెట్టి, ఛాతీ దాకా తెల్లదుప్పటి కప్పారు. పక్కనే చాప మీద అక్క సంతోషమ్మ కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయి ఒట్టి ఊపిరే మిగిలినట్టుంది మనిషి. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వంగి, ఆమె చెయ్యి పట్టుకుని ఏదో ఒకటి అంటున్నారు. ప్రతి మాటకీ ఆమె తలూపుతోంది.

శ్యాంబాబు జేబులోంచి ఫోను తీశాడు.

బందరు బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల వేళలు చెప్పి రిటైరైన మనిషి. గొంతు తీసేసిన దగ్గర్నుంచి అతని మాటలన్నీ ఆ ఫోనులోనే ఉన్నాయి. ‘అర’ అని నోట్సు రాసుకునే యాప్ ఒకటుంది. రంగులూ బొమ్మలూ ఉండవు, ఉత్త అక్షరాలే. నక్షత్రం గుర్తు పెట్టి ఒక పేరు రాస్తే అదొక అర. దాని కింద ఎన్ని వాక్యాలైనా రాసి పెట్టుకోవచ్చు. వాక్యం మీద వేలు నొక్కితే ఫోను పైకి చదువుతుంది. ఆస్పత్రికని కొన్ని, బజారుకని కొన్ని, చర్చికని కొన్ని, వంటింట్లో డబ్బాలు సర్దుకున్నట్టు సర్దుకున్నాడు. ఏ డబ్బా ఎక్కడుందో చూడక్కర్లేదు, చెయ్యే వెళ్తుంది. ఈ ఉదయం బయల్దేరేముందు అక్కకి చెప్పాల్సిన మాటని అన్నిటికన్నా పైకి జరిపి పెట్టాడు. తడికళ్ళతో వెతుక్కోవాల్సిన పని ఉండకూడదని. ఇంతమందిలో వినపడాలని సౌండు మొత్తం పెంచాడు.

చాప అంచున మోకాళ్ళ మీద కూర్చుని ఎడంచేత్తో అక్క చెయ్యి పట్టుకున్నాడు. కుడిచేతి బొటనవేలితో పై వరుస నొక్కాడు.

“ఇంకా ఎంతసేపండీ?” అంది ఫోను, రోడ్డు దాకా వినపడేట్టు. “నాకు బస్సు టైమవుతోంది.”

పాట ఆగిపోయింది. పాటల పుస్తకం పట్టుకున్న ఆడవాళ్ళందరూ ఇటు తిరిగారు. శ్యాంబాబుకి ఒక్క క్షణం అది తన ఫోనే అన్న సంగతి కూడా తట్టలేదు.

“మావయ్యా!” పెట్టె తలవైపు నిలబడ్డ డేనియల్ రెండంగల్లో దగ్గరికొచ్చాడు. సంతోషమ్మ కొడుకతను. “నీకు బస్సు టైమైతే వెళ్ళు. ఎవరాపారిక్కడ?”

శ్యాంబాబు అడ్డంగా తలూపాడు. పెదాలు కదిపాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. ఎండకి ఫోను అద్దం నల్లగా కనపడుతోంది. కంగారులో మళ్ళీ పైనే ఎక్కడో నొక్కాడు.

“చిల్లర లేదండీ,” అంది ఫోను.

వెనక ఎవరో ఆడమనిషి అరచేత్తో నోరు మూసుకుంది. ఏడుపో నవ్వో తెలియలేదు. సుమలత వచ్చి మొగుడి చేతిలోంచి ఫోను లాక్కుని చెంగులో చుట్టేసింది. “ఫోను పాడైంది నాయనా. మీ మావయ్య అన్నమాట కాదది. తప్పుగా అనుకోకు,” అని డేనియల్ చెయ్యి పట్టుకుంది. అతను చెయ్యి విడిపించుకుని పెట్టె దగ్గరికి వెళ్ళిపోయాడు. పాస్టరుగారు గొంతు సవరించుకుని పాట అందుకున్నారు.

సమాధుల దొడ్డిలో శ్యాంబాబు అందరికన్నా వెనక నిలబడ్డాడు. మట్టి వెయ్యమని పెద్దవాళ్ళని పిలిచినప్పుడు అతని పేరు ఎవరూ అనలేదు. తనే వెళ్ళి ఒక పిడికెడు వేసి, చెయ్యి దులుపుకోకుండానే వెనక్కి వచ్చాడు.

*

బందరులో ఇంటికొచ్చాక, ఈడేపల్లి వీధి సద్దుమణిగే వేళకి మంచం మీద కూర్చుని ఫోను తెరిచాడు. పాడు కాలేదు. అతను పైన పెట్టుకున్న అర చెక్కుచెదరకుండా అక్కడే ఉంది, కాకపోతే కిందికి దిగింది. దాని నెత్తి మీద ‘తరచుగా వాడేవి’ అని అతను రాయని అర ఒకటి వచ్చి కూర్చుంది. ఆస్పత్రి క్యూలో అనే మాట, బస్సులో కండక్టరుతో అనే మాట, పాలవాడితో అనే మాట, అన్నీ వాటంతట అవే పైకెక్కి బారులు తీరాయి. బస్సులో వెళ్తున్నప్పుడే అప్‌డేట్ దానంతటదే దిగినట్టుంది. దాని గురించి కంపెనీవాళ్ళు రాసింది రెండే ముక్కలు: ‘వేగం పెంచాం. చిన్న చిన్న మెరుగులు చేశాం.’

చిన్న చిన్న మెరుగులు. శ్యాంబాబు ఆ మాటలు పెదాలతో చదువుకున్నాడు.

దాని కింద ఉన్న మెయిల్ చిరునామాకి జరిగింది రాశాడు. అతనికి రాయడమంటే ఒక యజ్ఞం. బొటనవేలు బిరుసు, ఒత్తు కోసం వెతికేలోపు అక్షరం జారిపోతుంది. చావింటి సంగతి రాయబోయి చెరిపేసి, ‘వరుస మారిపోయి చాలా ఇబ్బంది అయింది, పాతది ఇవ్వండి’ అని మాత్రం పంపాడు. పొద్దున్నే జవాబు వచ్చింది. ‘నమస్కారమండీ. ఇది లోపం కాదు. ఎక్కువగా వాడే వాక్యాలు పైకి రావాలని చాలామంది వాడుకరులు కోరగా పెట్టిన సౌకర్యం. అలవాటైతే మీకూ నచ్చుతుంది. యశస్విని, గుడివాడ.’

“ఒక్కసారి ఫోను చేసి గట్టిగా మాట్లా—” అంటూనే సుమలత నాలుక కరుచుకుంది. “పోనీ నేను మాట్లాడనా?”

వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె బాగానే మాట్లాడుతుంది. అతని బదులు మాట్లాడి మాట్లాడి ఆరితేరింది. అయితే అతను అనని మర్యాదలు నాలుగు కలిపి, అతను అనదలుచుకున్న కోపం ఒకటి తీసేస్తుంది. ఫోను పాడైందని చావింట్లో అన్నప్పుడు కూడా అంతే. పాడైతే ఏ బాధా లేకపోయేది. ఎవరో కావాలని, అడక్కుండా, తన ఇంట్లో దూరి తన సామాను సర్దిపోయారు.

గుడివాడ ఎంత దూరమని. చొక్కా వేసుకుని రైల్వేస్టేషనుకి బయల్దేరాడు.

*

ప్యాసింజరు ఖాళీగానే ఉంది. పెడనలో అద్దకం గుడ్డల మూటలు ఎక్కించి, వాటి మీదే కూర్చున్నారు ఇద్దరు ఆడవాళ్ళు. కవుతరం దాటాక కిటికీలోంచి ఊడుపుల వాసన కొట్టింది. శ్యాంబాబు దారి పొడుగునా ఆ అమ్మాయితో అనాల్సినవి రాసుకుంటూ పోయాడు. స్టేషన్లో దిగేసరికి పెద్ద అరే తయారైంది. దానికి ‘గుడివాడ’ అని పేరు పెట్టాడు.

యాప్‌లో ఉన్న అడ్రసు పట్టుకుని వెళ్తే, ఏలూరు రోడ్డులో మందులషాపు మీద ఒక్క గది. కంపెనీ అంటే ఏదో అనుకున్నాడు గానీ, రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, గోడకి చేరేసిన సైకిలు, అంతే. ముప్పై ఏళ్ళలోపు పిల్ల, జడ పైకి ముడిచి కుర్చీలో కాళ్ళు మడుచుకుని కూర్చుంది. అతన్ని చూసి గబుక్కున కాళ్ళు దించుకుంది.

“ఎవరండీ?”

అతను ఫోనులో తన పేరు చూపించాడు.

“ఓ, శ్యాంబాబుగారా! రిప్లై ఇచ్చాను కదండీ. ఇంతదూరం ఎందుకొచ్చారు? కూర్చోండి. సెట్టింగ్సులో కింద ఒకటి ఉంటుంది, అది...”

మాట్లాడతాడని ఆమె చూస్తోంది. శ్యాంబాబు మెడ మీది గుడ్డ కొంచెం జరిపి చూపించాడు. ఆమె ముఖం మారిపోయింది. “అయ్యో. సారీ అండీ, నాకు తెలీదు. మీరు రాయలేదు కదండీ.”

రైల్లో రాసుకున్న మాటల్లో మొదటిది నొక్కబోయి ఆగాడు. ఈ పిల్లని చూశాక అవేవీ సరిపోయేట్టు లేవు. కొత్తగా రాయడం మొదలెట్టాడు. ‘ఎందుకు’ అని రాసేలోపు ఆమె వంగి చూసింది.

“ఎందుకు మార్చామనా అండీ? అదేనండీ, కొట్లవాళ్ళు, చదువుకునే పిల్లలు, రోజూ రాసిందే వెతుక్కోలేక అడిగారు...”

అతను తల అడ్డంగా ఊపి మళ్ళీ రాశాడు. సగంలో ఆమె మళ్ళీ అందుకుంది. “ఎప్పుడు మార్చామనా?”

శ్యాంబాబు అరచెయ్యి ఎత్తి ఆమె ముఖం ముందు పెట్టాడు. ఒకప్పుడు బస్టాండులో కిటికీ దగ్గర ఎగబడే జనాన్ని ఆపిన చెయ్యే. తర్వాత నిదానంగా రాశాడు: ‘ఆగండమ్మా. నన్ను పూర్తి చెయ్యనివ్వండి.’

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫ్యాను తిరుగుతోంది. కింద షాపులో ఎవరో దగ్గు మందు అడుగుతున్నారు. అతను చావింటి సంగతి మొత్తం రాశాడు. అక్క చెయ్యి, సౌండు పెంచుకోవడం, ఫోను అన్న మొదటి మాట, రెండో మాట, మేనల్లుడు అన్నది. రాయడం అయ్యాక ఫోను ఆమె చేతికిచ్చి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ఆమె ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

“అందరికీ ఒకటే అప్‌డేట్ వెళ్తుందండీ,” అంది చివరికి, సన్నగా. “అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ.”

ఫోను తీసుకుని రాశాడు: ‘వెళ్తే వెళ్ళనివ్వండి. ముందు చెప్పొచ్చుగా.’

“చెప్పొచ్చండీ.” ఆమె కళ్ళు దించుకుంది. “చిన్న చిన్న మెరుగులు అని రాశాను. ప్రతిసారీ అదే రాస్తాను. ఎలాగూ ఎవరూ చదవరని.”

ఇంకేదో సమర్థించుకుంటుందనుకున్నాడు. ఆమె కుర్చీ కంప్యూటరు వైపు తిప్పుకుంది. “కూర్చుంటారా అండీ? ఇప్పుడే తీసేస్తాను. మీరుండి చూస్తే నాకు మంచిది.”

అతను కూర్చున్నాడు. నల్లటి తెర మీద వరుసలు పైకీ కిందికీ పరిగెత్తుతుంటే ఆమె ఒక్కోచోట ఆగి, కొంత చెరిపి, కొంత కలిపింది. తర్వాత పగిలిన అద్దం ఉన్న పాత ఫోను ఒకటి తీసి, దాన్లో అతని అరలతో సహా ఎక్కించి, మూసి, తెరిచి చూసింది. ‘తరచుగా వాడేవి’ పోయింది. “హమ్మయ్య,” అని అతని ముందు పెట్టింది. శ్యాంబాబు వేలితో పై నుంచి కిందికి జరుపుకుంటూ పోయి ఒకచోట ఆపాడు. వాక్యానికీ వాక్యానికీ మధ్య అతను వదిలిపెట్టే ఖాళీ వరుసలు లేవు. ఫోను చదివేటప్పుడు ఊపిరి తీసుకున్నట్టు ఆగేది ఆ ఖాళీల దగ్గరే.

“ఇవి కూడా మింగేసిందా!” అని ఆమె నుదురు కొట్టుకుని మళ్ళీ మొదలెట్టింది.

మధ్యాహ్నం కింద హోటల్నించి పెరుగన్నం తెప్పించింది. అతను మెత్తగా కలుపుకుని చిన్న చిన్న ముద్దలు తింటుంటే, తన తిండి అయిపోయినా కంచం ముందునుంచి లేవలేదు. తిన్నాక, ఈసారి అప్‌డేట్ గురించి జనానికి చెప్పే నాలుగు ముక్కలూ రాసి అతనికి చూపించింది. ‘పోయిన అప్‌డేట్‌లో మీ వాక్యాల వరుసని మీకు చెప్పకుండా మార్చాం. దానివల్ల ఒకాయనకి చావింట్లో...’

శ్యాంబాబు ‘చావింట్లో’ అన్న మాట మీద వేలు పెట్టి వద్దన్నాడు.

ఆమె ఆ వాక్యం మొత్తం తీసేసింది. ‘తప్పు మాది’ అని రాసి, ఒక్క నిమిషం చూసి, ‘నాది’ అని దిద్దింది. ‘ఇకమీదట మీరు కోరితే తప్ప ఏ వరుసా మారదు.’

పంపేసి ఊపిరి వదిలింది. “మీ అక్కగారికి చెప్పాలనుకున్న మాట ఇప్పుడు పైనే ఉందా అండీ?”

తెరిచి చూపించాడు. పైనే ఉంది. మెట్లు దిగుతుంటే అతనికి ఒళ్ళు తేలికైనట్టనిపించింది. ఒక అన్యాయం జరిగింది, తను వెళ్ళి నిలబడితే సరైంది. ఇక మిగిలింది ఆ మాట అక్కకి అందించడమే.

*

పోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చే ఆదరణ కూడిక నాటికి టెంటు కింద కొత్త చాపలు పరిచారు. పాస్టరుగారి వాక్యం అయ్యాక, ఇంటివాళ్ళు ఎవరైనా మాట్లాడండి అన్నారు. శ్యాంబాబు లేచాడు. డేనియల్ మొహం గట్టిపడింది. సుమలత తలొంచుకుని లోలోపల ప్రార్థించుకుంటోంది.

శ్యాంబాబు రెండుసార్లు చూసుకుని మరీ నొక్కాడు.

“అక్కా,” అంది ఫోను. ఆగింది. “బావ ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉన్నాడు. నువ్వు ధైర్యం చెడొద్దు.” మళ్ళీ ఆగింది. “ఆయన మంచితనం ఈ లంకల్లో అందరికీ తెలుసు. మేమంతా నీ వెనకున్నాం.”

“ఆమెన్,” అన్నారు నలుగురూ. ఎవరో పెద్దావిడ కళ్ళొత్తుకుంది. డేనియల్ వచ్చి భుజం మీద చెయ్యేశాడు. “బాగా చెప్పావు మావయ్యా. ఆ రోజు నోరు జారాను. మనసులో పెట్టుకోకు.” శ్యాంబాబు అతని వీపు నిమిరాడు. సుమలత ముఖం వెలిగింది.

సంతోషమ్మ తలూపింది. ఆ రోజు వచ్చినవాళ్ళందరికీ ఎలా ఊపిందో అలాగే.

భోజనాలయ్యాక అతను దొడ్లోకి వెళ్ళాడు. అక్క ఒక్కతే నూతి చప్టా దగ్గర, ఊళ్ళో ఇళ్ళల్లో ఎరువడిగి తెచ్చిన గిన్నెలు బోర్లించి, అడుగున చెక్కిన పేర్లు చూసుకుంటూ ఎవరివి వాళ్ళకి వేరు చేస్తోంది. శ్యాంబాబు పొడిగుడ్డ అందుకుని పక్కన గొంతుక్కూర్చుని తుడవడం మొదలెట్టాడు.

“ఒరే శ్యామూ,” అంది ఆమె, తల ఎత్తకుండా. “ఇందాక వినిపించావే, ఆ మాట ఎప్పుడు రాసుకున్నావురా?”

అతని చేతిలో గుడ్డ ఆగింది. నిన్న అని రాస్తే సరిపోతుంది. రెండక్షరాలు. ఫోను తీసి చాలాసేపు పట్టుకుని, చివరికి ఉన్నదే రాశాడు: ‘బందరు ఆస్పత్రిలో.’

ఆమె ఫోను దూరంగా పెట్టుకుని చదివింది. “మీ బావ ఉండగానే.”

తలూపాడు.

“వరండాలో బల్ల మీద కూర్చుని రాసుకుంటుంటే చూశాన్రా. డాక్టరుగారిని ఏదో అడగడానికి రాస్తున్నావనుకున్నాను. ఇంకేదైనా మందుందేమో అడుగుతావనుకున్నా.” గొంతులో కోపం లేదు. గిన్నె తిప్పి పేరు చూసి పక్కన పెట్టింది. “అప్పుడు లోపల ఆయన నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. మంచినీళ్ళు అడిగి తాగాడు.”

తన వేలు బిరుసని, మాట కూర్చడానికి రోజులు పడతాయని, ఆ వేళకి వెతుక్కుంటే దొరకదన్న భయమని రాయాలనుకున్నాడు. అన్నీ నిజాలే. గుడివాడలో ఆ అమ్మాయిని నిలదీసిన మాటలేవీ ఇక్కడ అక్కరకి రాలేదు.

“ఆ రోజు ఫోను ఏదో కూసింది. పిల్లాడు ఎగిరాడు గానీ నాకేం అనిపించలేదురా. నీ చెయ్యి నా చేతిలోనే ఉంది కదా. కోడిపిల్లలా వణికిపోతోంది. వీడికీ ఏం తోచడం లేదు, నాకూ అంతే అనుకున్నా. అదొక్కటే ఊరటైంది నాకు ఆ పూట. ఇవాళ మాత్రం...” అని ఆపేసింది.

శ్యాంబాబు గుడ్డ కింద పెట్టాడు. ఏ పేరూ లేని ఖాళీ పేజీ తెరిచాడు. బొటనవేలు అద్దం మీద నిలిచిపోయింది. సుమలత వంటింటి గుమ్మంలోకి వచ్చి చూసింది. “ఏంటండీ, వదినకి ఏమన్నా చెప్పాలా? నేను చెప్తా ఉండండి.”

“నువ్వాగమ్మా,” అంది సంతోషమ్మ. “వాడు రాస్తున్నాడు.”

సుమలత లోపలికి వెళ్ళిపోయింది. శ్యాంబాబు రాసి చూపించాడు: ‘బావ నాకు రోజూ ఫోను చేసేవాడు.’

“నీకా?” సంతోషమ్మ అయోమయంగా చూసింది. “నువ్వు మాట్లాడలేవుగా?”

‘ఆయనే మాట్లాడేవాడు. నేను గోటితో ఫోను మీద కొట్టేవాణ్ణి. ఒకసారి కొడితే అవును. రెండుసార్లయితే కాదు.’

ఆమె చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. “పొద్దున్నే చేను గట్టు మీద నిలబడి ఎవరితోనో ఒకటే కబుర్లు. ఎవరితోనయ్యా ఇంతసేపు అంటే, పనుందిలే అనేవాడు. నా దగ్గర నీ పేరెత్తలేదేరా?”

తెలీదన్నట్టు తలాడించాడు. మళ్ళీ రాశాడు. ఈసారి ఇంకా నెమ్మదిగా నడిచింది వేలు. రెండుచోట్ల తప్పు పడితే చెరుపుకున్నాడు. ఆమె మెడ చాచి తొంగి చూడలేదు, అడగలేదు.

‘పొద్దున పూట ఇప్పటికీ ఫోను చేత్తో పట్టుకునే కూర్చుంటున్నా అక్కా.’

సంతోషమ్మ చదివింది. తలూపలేదు. గిన్నెలు కాలితో పక్కకి నెట్టి, గోడవారనున్న పీట లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. చీర చెంగుతో ముఖం తుడుచుకుంది.

“ఏం చెప్పేవాడ్రా, రోజూ?”

శ్యాంబాబు అద్దాన్ని చొక్కాకి తుడుచుకుని మొదలెట్టాడు. కాలవలోకి ఉప్పునీళ్ళు ఎగదన్నాయని బావ చెప్పిన పొద్దు నుంచి. ఇంట్లోంచి ఎవరో సంతోషమ్మా అని పిలిచారు. ఆమె పలకలేదు. తమ్ముడి బొటనవేలు అక్షరం తర్వాత అక్షరం తడుముకుంటుంటే, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చూస్తూ కూర్చుంది.